అద్దం అవతల ఇంగ్లీషు మాస్టారు

మా ఆవిడ గొంతు మీరంతా వినే ఉంటారు. పెద్ద బస్టాండులో "ప్రయాణికులకు మనవి" అని వినిపిస్తుందే, ఆ గొంతే. అందులో తేనె ఉందని అందరూ అంటారు. తేనెటీగతో కాపురం చేసేవాణ్ణి కాబట్టి రెండో సంగతి కూడా నాకు తెలుసు.

తెలుగులో ఆవిడకి తిరుగులేదు. ఈ మధ్య ఇంగ్లీషులో కూడా చెప్పమనడంతో చిక్కు వచ్చింది. ఒకరోజు ఆలస్యంగా వస్తున్న బస్సుని 'డిలేడ్' అనడానికి బదులు 'కాన్సిల్డ్' అనేసింది. తెలుగు విన్నవాళ్ళు బెంచీల మీదే కూర్చున్నారు, ఇంగ్లీషు విన్నవాళ్ళు సామాన్లు ఎత్తుకుని వెళ్ళిపోయారు. తీరా బస్సు వచ్చాక సగం సీట్లు ఖాళీ.

ఆ బస్టాండు అధికారిని అందరూ టైమ్‌టేబుల్ గారంటారు. తుమ్మినా వేళకే తుమ్ముతాడని ప్రతీతి. ఆదివారం తానే పక్కన కూర్చుని వింటాననీ, మళ్ళీ మాట తారుమారైతే రికార్డు చేసిన గొంతు పెట్టేస్తాననీ ఆయన మా ఆవిడతో చెప్పేశాడు.

ఆ సాయంత్రం ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది.

"మైకు లేకపోతే నేనేం చేస్తానండీ" అంది.

ఆ మాట పక్కగదిలోకి కూడా వినబడనంత మెల్లగా అంది.

నేను ప్రెస్సులో ప్రూఫ్ రీడర్ని. తప్పు కనిపిస్తే చాలు, నా కలంలో ఎర్రసిరా దానంతటదే కారుతుంది. ఇంత చిన్నదానికి బెంగెందుకు, నేను లేనూ అన్నాను. నేను ఉండటమే అసలు సమస్య అని తరవాత తెలిసింది.

నా పద్ధతి చాలా సులువు. ఒక్కో ఇంగ్లీషు మాటకి ఒక్కో చుట్టాన్ని కట్టేయడమే. చుట్టాన్ని మరిచిపోవాలన్నా మరిచిపోలేం కదా, మాట కూడా అలాగే వదలదు. మా నిచ్చెన పట్టుకెళ్ళిన మా బావమరిది 'బారో', అది ఇచ్చేసి గోడ పట్టుకుని నిలబడ్డ నేను 'లెండ్'. 'అడ్వైస్' అంటే సలహా, 'అడ్వైజ్' అంటే సలహా చెప్పడం. ఆ రెండింటికీ అత్తగారు ఒక్కరే సరిపోయారు.

అసలు మాటలకొస్తే, 'డిలేడ్' కూడా మా బావమరిదే. ఎంత ఆలస్యమైనా భోజనం వేళకి వచ్చి తీరతాడు. దానికి గుర్తుగా బొజ్జ నిమురుకోవాలి. 'కాన్సిల్డ్' అంటే వాళ్ళ పెదనాన్న. వస్తున్నాను, వస్తున్నాను అని ఫోన్లు చేస్తాడు, చివరికి రాడు. దానికి గుర్తు రెండు చేతులూ అడ్డంగా ఊపడం.

అంతా విని మా ఆవిడ గరిటె పక్కన పెట్టింది.

"ఇంగ్లీషు భాష మొత్తానికి మా పుట్టింటివాళ్ళే దొరికారా? మీ వాళ్ళు ఒక్కరూ పనికిరారా?"

"మావాళ్ళు మామూలు మనుషులోయ్. గుర్తుపెట్టుకోవడానికి అందులో ఏముంటుంది?"

ఆ వారమంతా నా కాఫీలో చక్కెర కనిపించలేదు. అయినా నేను పాఠం ఆపలేదు. ఆవిడ కూర తరుగుతుంటే ఎదురుగా నిలబడి బొజ్జ నిమిరాను. బట్టలు ఆరేస్తుంటే దండేనికి అవతల నిలబడి చేతులు ఊపాను. పక్కింటావిడ కిటికీ మూసేసుకుంది. మా ఆవిడ మాత్రం నన్ను చూసి, తల తిప్పుకుని, పెదవి బిగించుకునేది. శ్రద్ధగా బట్టీ పడుతోందని మురిసిపోయాను.

అలవాటెంత ముదిరిందంటే, శనివారం తలుపు తీయగానే మా బావమరిది నిలబడి ఉంటే, లోపలికి తిరిగి డిలేడ్ వచ్చాడని కేకేశాను. అతను వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. మీ బావగారు నాకు ఇంగ్లీషు చెబుతున్నారురా, నువ్వే వాచకం అని మా ఆవిడ వివరించింది. అతను నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. అక్క చదువుకి పనికొస్తానంటే భోంచేసే వెళతానన్నాడు.

ఆదివారం నన్ను రావద్దని మరీ మరీ చెప్పింది. గురువు లేని పరీక్షేమిటని నేను కొత్త గళ్ళచొక్కా వేసుకుని వెనకాలే వెళ్ళాను. బస్టాండు మధ్యలో ఆవిడ గదికి ముందువైపంతా అద్దమే. లోపల మా ఆవిడ, మైకు, ఆ పక్కన చేతిగడియారం చూసుకుంటూ టైమ్‌టేబుల్ గారు. నేను స్తంభం చాటున నిలబడ్డాను.

కాసేపు అన్నీ సవ్యంగానే సాగాయి. అంతలో ఒక దూరపు బస్సు ఆలస్యమవుతుందని కబురొచ్చింది. ఆవిడ తెలుగులో చెప్పేసి, ఇంగ్లీషు దగ్గర ఆగింది. కళ్ళు మూసుకుంది.

స్తంభం వదిలి అద్దానికి ఎదురుగా వెళ్ళి బొజ్జ నిమరడం మొదలుపెట్టాను. ఆవిడ కళ్ళు తెరవదే. ఇంకా గట్టిగా నిమిరాను. ఒక పెద్దాయన నా భుజం పట్టుకుని, కడుపునొప్పా నాయనా అన్నాడు. ఇంకొకాయన సోడా తెచ్చాడు. ఒకావిడ నన్ను పడుకోబెట్టడానికి పిల్లల్ని బెంచీ మీంచి లేపింది. వాళ్ళని వదిలించుకోవడానికి, ఏమీ లేదు, ఏమీ లేదు అని రెండు చేతులూ అడ్డంగా ఊపాను.

ఊపాక గుర్తొచ్చింది, అది పెదనాన్న గుర్తని.

మా ఆవిడ ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. జనం మాత్రం కళ్ళు తెరుచుకునే ఉన్నారు. ఆఫీసు గది ముందు నిలబడి ఒక మనిషి చేతులు ఊపుతున్నాడంటే బస్సు రాదన్నమాటే అని ఎవరో అన్నారు. పెట్టెలు లేచాయి, మూటలు లేచాయి. వెళ్ళకండి అని ఇంకా జోరుగా ఊపాను. నేను ఎంత ఊపితే అంతమంది గేటువైపు నడిచారు.

అప్పుడు ఆవిడ కళ్ళు తెరిచి నన్నూ, గేటువైపు వెళ్తున్న జనాన్నీ చూసింది. మైకు పలికింది.

"ప్రయాణికులకు మనవి. గళ్ళచొక్కాలో చేతులు ఊపుతున్న వ్యక్తి మా ఉద్యోగి కారు. బస్సు ఆలస్యమైంది, రద్దు కాలేదు. దయచేసి కూర్చోండి."

వెంటనే అదంతా ఇంగ్లీషులో చెప్పింది. ఎక్కడా తడబడలేదు. 'డిలేడ్' అంది, 'నాట్ కాన్సిల్డ్' అని విడమరిచింది, గళ్ళచొక్కా పెద్దమనిషిని కూడా ప్లీజ్ సిట్ డౌన్ అంది. జనమంతా వెనక్కి వచ్చి కూర్చున్నారు. అందరికంటే ముందు నేను కూర్చున్నాను. ఇంట్లో ఎప్పుడూ ఆవిడ మాట అంత చప్పున విన్నది లేదు.

టైమ్‌టేబుల్ గారు బయటికొచ్చి, ఇంత గందరగోళాన్ని రికార్డు గొంతు సర్దగలదా, మైకు నీదేనమ్మా అని ఆవిడతో చెప్పాడు. తరవాత నావైపు తిరిగి, మీరెవరని అడిగాడు. ప్రయాణికుణ్ణన్నాను. ఏ బస్సు అన్నాడు. రద్దు కాని బస్సేనండీ అన్నాను.

పని ముగిశాక ఇద్దరం ఇంటికెళ్ళే బస్సు కోసం బెంచీ మీద కూర్చున్నాం. సిగ్గుతో చచ్చిపోతున్నా, గురుదక్షిణ మీద ఆశ చావలేదు.

"ఎలాగైతేనేం, నా బొజ్జ గుర్తు పనిచేసింది కదా?"

"నేను కళ్ళు మూసుకున్నానండీ. మీ బొజ్జ నేను చూడనేలేదు."

"మరి మీ తమ్ముణ్ణి తలుచుకున్నావా?"

"వాణ్ణి మొదటి రోజే తీసేశాను. ఆ చోట్లో మిమ్మల్ని పెట్టుకున్నాను."

నన్నెందుకని అడిగాను.

"నాకు ఆపరేషనైన రోజు మీరు వానలో తడిసి ముద్దై, ఎంతో ఆలస్యంగా ఆస్పత్రికి వచ్చారు. గుర్తుందా? తలుపువైపే చూస్తూ పడుకున్నాను. భయం వెయ్యలేదు. మీరు ఎంత ఆలస్యమైనా వస్తారు. 'డిలేడ్' అంటే అదే కదా. అది తలుచుకుంటే గొంతు వణకడం మానేసింది."

ప్రూఫ్ రీడర్ని కదా, ఏదో ఒకటి దిద్దాలని వెతికాను. దిద్దడానికి ఏమీ కనిపించలేదు. చివరికి 'కాన్సిల్డ్'కి ఎవర్ని పెట్టావని అడిగాను.

"ఎవర్నీ పెట్టలేదు. ఎవర్ని పెట్టడానికీ మనసొప్పలేదు" అంది.

మా బస్సు కూడా ఆ రోజు ఆలస్యమే. నేను చేతులు కదపకుండా ఆవిడ పక్కనే కూర్చున్నాను.