కెర్కెన్నా ద్వీపంలో ఒక మాస్క్ లెక్క

కెర్కెన్నా ద్వీపంలో ముఖ్యులు కానివారు దాదాపుగా ఎవరూ లేరని ఇందుమూలంగా ధ్రువీకరిస్తున్నాను. నా దగ్గర లెక్క ఉంది.

ద్వీపం నుంచి స్ఫాక్స్ నగరానికి ఇంటర్నెట్ దారి ఒక్కటే. ఆ దారి మొదట్లో ఉన్న రౌటర్‌కు కాపలా నేను, షాద్లీని. దాని గుండా పోయే ప్రతి డేటా ముక్క మీదా సున్నా నుంచి ఏడు దాకా ఒక తరగతి గుర్తు ఉంటుంది. పెద్ద అంకె ముందు పోతుంది. సున్నా తరగతి విలువ ఒకటి, తర్వాతిది రెండు, ఆ తర్వాతిది నాలుగు. అలా రెట్టింపవుతూ పోతాయి. ఏ తరగతుల వేగానికి కోత పెట్టాలో వాటి విలువలు కూడితే వచ్చేదే మాస్క్. రెండో తరగతి పిల్లలు చేసే కూడిక. ద్వీపంలో నేనొక్కడినే చేయగలనని పన్నెండేళ్లుగా నమ్మించుకొస్తున్నాను.

మామూలు రోజుల్లో మాస్క్ మూడు: సున్నాకు, ఒకటికి కోత. ఐదు ఆసుపత్రిది.

ఆ శనివారం జాతీయ జట్టు ఫుట్‌బాల్ మ్యాచ్ ఉంది, ద్వీపమంతా చూసేది ఇంటర్నెట్‌లోనే. పొద్దున్నే నా ఇంటి లైనును ఐదులో చేర్చుకున్నాను, నాణ్యతా పరీక్ష నిమిత్తం. గంటలో ఐస్ ఫ్యాక్టరీ మెస్సౌద్ కానుకగా ఎండు ఆక్టోపస్‌తో దిగాడు.

"ఏరా షాద్లీ, నువ్వు ఐదు, నేను సున్నానా? మీ నాన్న చేపలకి ఐసు అరువిచ్చిందెవరు?"

చేర్చాను. తర్వాత హోటల్ యజమాని, కస్టమ్స్ అధికారి, కస్టమ్స్ అధికారి అత్తగారు. మధ్యాహ్నానికి ఊరంతా ఐదు.

మ్యాచ్ మొదలైన పావుగంటకు ఆసుపత్రి నుంచి డాక్టర్ రౌదా ఫోన్ చేసింది. పడవ దూలం తగిలి ఒక జాలరికి తలలో రక్తం గడ్డకట్టింది. స్ఫాక్స్‌లోని సర్జన్ స్కాన్ చూసి చెప్తే గాని ఇక్కడ కత్తి పెట్టలేరు.

"స్కాన్ కదలట్లేదండీ! గంటలోపు పోకపోతే మనిషి దక్కడు."

ఆసుపత్రిని ఆరుకు ఎక్కించాను. స్కాన్ కదిలింది. నేను చేసే ప్రతి మార్పూ పై అధికారి ఫోనుకు సందేశంగా వెళ్తుంది. పై అధికారి తిజానీ గారు అప్పుడు నలభై మందితో కాఫీ హోటల్లో ఉన్నారు. వెంటనే ఫోన్‌లో ప్రసంగించారు.

"ఆరనేది ఒకటుందని ఇన్నాళ్లూ దాచావా షాద్లీ? ప్రజాసేవలో దాపరికం తగదు. ఈ ద్వీపంలో ప్రతి పౌరుడూ గౌరవనీయుడే. అందరినీ ఆరులోకి మార్చు. ముందు నన్ను."

విధేయుడిని కనుక మార్చాను. స్కాన్ మళ్లీ నిలిచింది. ఇక మిగిలింది ఏడు. అది రౌటర్లు తమలో తాము మాట్లాడుకునే తరగతి. మనుషులు చొరబడితే ద్వీపానికి బయటి లోకంతో సంబంధమే తెగుతుంది.

"ఇరవై నిమిషాలే ఉన్నాయి షాద్లీ గారూ," అంది రౌదా. "నన్నూ ఒక ఆక్టోపస్ పంపమంటారా?"

సిగ్గుతో సున్నా జాబితా తెరిచాను. ఇద్దరే ఉన్నారు: లైట్‌హౌస్ కాపలాదారు, అడగడానికి మొహమాటపడిన బడి పంతులు. పెన్సిల్ తీశాను. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. వెరసి నూట ఇరవై ఆరు. ఒకటి నుంచి ఆరు దాకా గౌరవనీయులందరికీ కోత. సున్నాకు కోత రద్దు. ఆసుపత్రిని సున్నాలోకి దించాను.

నలభై సెకన్లలో స్కాన్ స్ఫాక్స్ చేరింది. సరిగ్గా అప్పుడే పెనాల్టీ కొట్టబోతున్న ఆటగాడు ద్వీపమంతటా కాలెత్తి అలాగే నిలబడిపోయాడు. మా ఇంట్లోనూ.

జాలరి బతికాడు.

మర్నాడు జనం ఆఫీసుకు వచ్చారు. కొట్టడానికనుకుని బల్ల కింద దూరాను. కాదు, దరఖాస్తులు ఇవ్వడానికి. కోత లేనిది ఇప్పుడు సున్నాకే కనుక తమను సామాన్యులుగా గుర్తించి అందులో చేర్చాలట. మెస్సౌద్ తన సామాన్యత్వానికి రుజువుగా పార్లమెంటు సభ్యుడి సిఫారసు లేఖ తెచ్చాడు. తిజానీ గారు తాను పుట్టు సామాన్యుడినని ప్రకటించారు. సాయంత్రానికి సున్నాలో నూట పద్నాలుగు మంది చేరారు. మొదటివాడిని నేనే.

స్కాన్లు మళ్లీ ఆగుతున్నాయి. జనం ఖాళీ చేసిన తరగతుల్లో ఆసుపత్రిని దేనికి మార్చాలో నాకు తెలుసు. ఈసారి తిజానీ గారి ఫోనుకు పోయే సందేశాన్ని కూడా ఆపేస్తాను, ఎవరికీ చెప్పను. మీరు కూడా ఆ అంకె అడగకండి. మీరు గౌరవనీయులు.