బ్యాటు కింద పడేయుటకు అనుమతి

చితికిపోయిన జట్టును బాగుచేయడానికి సృష్టిలో రెండే మార్గాలున్నాయి. తయారైన ఆటగాణ్ణి బయటినుంచి తెచ్చుకోవడం ఒకటి, ఉన్నవాణ్ణే మేపి తయారుచేసుకోవడం రెండోది. (మూడో మార్గం బాగా ఆడటం. అది కంపెనీ పరిధిలోకి రాదు.)

ఈ సత్యాన్ని 2006లో దుబాయి అల్ ఖూజ్‌లోని ఒక ఏసీ గొట్టాల కంపెనీలో పర్సనెల్ మేనేజరు జగన్మోహనరావు కనిపెట్టాడు. కనిపెట్టిన వెంటనే దాని అమలును క్యాంపు బాస్ హయాత్ బాషా నెత్తిన పెట్టాడు. కార్మికుల గదులు, మెస్సు, నీళ్ల ట్యాంకరు చూసుకునే హయాత్ బాషాది రాయచోటి. బేస్‌బాల్ అంటే ఏమిటో అతనికి తెలియదు. ఆ మాటకొస్తే జగన్మోహనరావుకూ తెలియదు. తెలిసినవాడు ఒక్కడే, టవర్ల పనులు పంచే అమెరికన్ ఇంజనీరు. ఆయన శుక్రవారాల్లో కాంట్రాక్టు కంపెనీలకు బేస్‌బాల్ పోటీలు పెడుతున్నాడని తెలియగానే గొట్టాలవాళ్లు, టైల్సువాళ్లు, లిఫ్టులవాళ్లు అందరూ ఆ ఆటను చిన్ననాటినుంచీ ప్రేమిస్తున్నట్టు ప్రకటించారు.

గొట్టాల జట్టు ఆడిన ప్రతి ఆటా ఓడింది. బేస్‌బాల్‌లో బంతిని కొట్టినవాడు బ్యాటు పారేసి పరుగెత్తాలి, దూరంగా ఉన్న దిండును కాలితో తాకాలి. మనవాళ్లు పుట్టుకతో క్రికెట్టువాళ్లు. బ్యాటు పట్టుకునే పరుగెత్తి, చివర్లో ఒంగి, దాన్ని దిండుకు ఆనించి నిమ్మళంగా ఆగిపోయేవారు. ఈలోగా ఎవడో వచ్చి వీపుకు బంతి తాకించేవాడు. అంపైరింగు కూడా తానే చేసే ఇంజనీరు ప్రతిసారీ ఓపిగ్గా ఒకటే తీర్పు చెప్పేవాడు: బ్యాటు చేరింది, మనిషి చేరలేదు, అవుట్.

"ఒక్క ఆట గెలిపించు బాషా," అన్నాడు జగన్మోహనరావు. "నీ సెలవు కాగితం మీద అప్పటికప్పుడే సంతకం పెడతా. లేదంటే వచ్చే ఏడాది చూద్దాంలే."

హయాత్ బాషా ఊరికి పోయి మూడేళ్లు దాటింది. కూతురు ఫైజా పుట్టడం, నడవడం, మాట్లాడటం అన్నీ అతనికి ఫోన్లోనే జరిగాయి. ఆ పిల్ల లెక్కలో అబ్బా అంటే అమ్మ రజియా బేగం చెవికి ఆనించుకునే ఒక నల్లటి వస్తువు. ఆ పిల్లను ఒక్కసారి ఎత్తుకోవాలని అతని ప్రాణం కొట్టుకుపోయేది. ఊరికి పట్టుకుపోవాల్సిన పెట్టె మంచం కింద తాడు కట్టి సిద్ధంగా ఉంది. అందులో పాలపొడి డబ్బాలు, ఒక దుప్పటి, కళ్లు మూసి తెరిచే బొమ్మ.

అందుకని ముందు మొదటి మార్గం పట్టాడు. టైల్సు కంపెనీలో షావలి అని ఒక నెల్లూరువాడున్నాడు. వాడు విసిరిన బంతి వచ్చిందని చప్పుడును బట్టి తెలుసుకోవాల్సిందే.

"నేనొస్తానన్నా," అన్నాడు షావలి. "నాకు వీసా ఇచ్చిన కఫీల్ రిలీజ్ ఇయ్యడు. అడిగితే వీసా క్యాన్సిల్ చేసి ఊరికి తోలేస్తాడు. ఖలాస్. ఆర్నెల్లు తిరిగి రాకుండా బ్యాన్ కూడా."

ఆ శిక్ష వినగానే హయాత్ బాషాకు నోరూరింది.

జగన్మోహనరావు వెంటనే ఒక సర్క్యులర్ తీశాడు. ఏ కంపెనీకీ చెందని, స్వేచ్ఛగా ఉన్న ఆటగాణ్ణే వెతకవలెను. అయితే కంపెనీ లేనివాడికి వీసా ఉండదు, వీసా లేనివాడికి మైదానం గేటు పాసు రాదు. కాబట్టి స్వేచ్ఛగా ఉన్న ఆటగాడు మైదానంలో తప్ప ఎక్కడైనా ఆడుకోవచ్చునని ఇందుకోసం వేసిన సబ్ కమిటీ తేల్చింది.

ఇక మిగిలింది రెండో మార్గం. జగిత్యాల నుంచి వచ్చిన పోచన్న నేలమీద నిలబడి మూడో అంతస్తులో ఉన్నవాడి చేతికి బోల్టుల సంచి అందేలా విసిరేవాడు. భుజంలో బలముంది. కొట్టడమూ వారంలో పట్టుబడింది. బ్యాటు వదలడం మాత్రం రాలేదు.

"పారెయ్ పోచన్నా, కొట్టినాక పారెయ్," అని హయాత్ బాషా మొత్తుకున్నాడు.

"ఎట్ల పారేస్త బాషా భాయ్? కంపెనీ సామానాయె. డ్రిల్లు మిషన్ కింద పడ్డదని పోయిన నెల జీతంల కోసిండ్రు."

అప్పుడు అసలు సంగతి తెలిసింది. కంపెనీ సామాను కింద పడేయరాదు అనే రూలును రోజూ బస్సెక్కేముందు అందరికీ చదివి వినిపించేది హయాత్ బాషానే. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

అతను పైకి రాశాడు. పైనుంచి అనుమతి వచ్చింది కూడా. బ్యాటును మోకాలి ఎత్తుకు మించకుండా, మెత్తటి చోట, స్టోర్ కీపరు సమక్షంలో కింద పడేయవచ్చును. (శుక్రవారం స్టోరుకు సెలవు.)

"తొందరెందుకయ్యా," అన్నాడు జగన్మోహనరావు. "మనవాళ్లు ఎదగాలి. ఐదేళ్ల ప్రణాళిక ఇది. రెండువేల పదకొండుకి చూడు మన జట్టుని."

అప్పటికి ఫైజా బడికి పోతుంటుంది. ఈయనెవరని అడుగుతుంది. హయాత్ బాషాకు ఆ పూట అన్నం సహించలేదు. చేతులు ఊరుకోక రూళ్ల పుస్తకం మళ్లీ తిరగేశాడు. సామాను కింద పడేయకూడదని ఉందిగాని, క్యాంపు బాస్‌కు అప్పజెప్పకూడదని ఎక్కడా లేదు.

తర్వాతి శుక్రవారం టైల్సు జట్టుతో ఆట. హయాత్ బాషా పోచన్న పక్కనే చేతులు చాపి నిలబడ్డాడు. షావలి విసిరాడు, పోచన్న బాదాడు. బాదినవాడు పరుగెత్తకుండా బ్యాటును రెండు చేతులా హయాత్ బాషాకు అందించాడు.

"ముట్టిందా భాయ్?"

"ముట్టింది. యల్లా, పో."

పోచన్న వట్టి చేతులతో పరుగెత్తాడు. అతని వెనకే జట్టంతా అదే పద్ధతిలో బ్యాటు అప్పజెప్పి పరుగెత్తింది. ఇంజనీరు తన పుస్తకం మొత్తం గాలించాడు, అప్పగింత నేరమని ఎక్కడా కనబడలేదు. గొట్టాల కంపెనీ గెలిచింది.

మర్నాడు జగన్మోహనరావు మాట తప్పకుండా సెలవు కాగితం మీద సంతకం పెట్టాడు. పెట్టి, దాని మీద ఇంకో కాగితం పెట్టాడు.

"నిన్న నిన్ను చూసి టైల్సు ముదీర్, అదే వాళ్ల మేనేజరు, ముచ్చటపడ్డాడోయ్. షావలిని మనకిస్తాడట, నిన్ను వాళ్లకిచ్చేశాం. నువ్వు కంపెనీ మారడానికి ఎన్‌ఓసీ పొద్దున్నే ఇచ్చేశా."

"నన్నడగలేదే సార్?"

"నిన్నెందుకడగడం? ఎన్‌ఓసీ ఇచ్చేది మేం కదా."

"మరి నా సెలవు సార్?"

"అది ఈ కంపెనీ సెలవు. అక్కడ సర్వీసు మొదటినుంచీ లెక్క. రెండేళ్లు పూర్తిచేశాక పెట్టుకో."

టైల్సు కంపెనీలో అతనికి కొత్త ఫైలు తెరిచారు. నలభై రెండేళ్ల హయాత్ బాషాను భవిష్యత్తులో ఎదగగల కుర్రాళ్ల కింద నమోదు చేశారు. పెట్టెను అతను కార్గోలో పంపించాడు.

అందిందని రజియా బేగం ఫోన్ చేసింది. "పెట్టె వచ్చింది. అన్నీ తీసి బయట పెట్టినా. ఫైజా ఇంగా దాంట్లోనే తల పెట్టి చూస్తాంది, అబ్బా అడుగున ఉండాడేమో అని."

హయాత్ బాషా ఏడ్చాడు. ఫోన్ పక్కకు పెట్టి మరీ ఏడ్చాడు.

పెట్టె చేరింది, మనిషి చేరలేదు. అవుట్.