ఎనిమిదో భాగంలో ఆవిడ

ఆదివారం పొద్దున్న, బజార్లో కళ్ళద్దాల కొట్టు నడిపే కళ్ళజోళ్ళాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి పాత రేడియో శ్రోతల సంఘం వాళ్ళు మొదటిసారి ఇంటికి వస్తారు. "ప్లీడరు గారి గొడుగు" నాటకం ఎనిమిదో భాగం వాళ్ళకి మళ్ళీ ఒకసారి వినిపిస్తాడు. దాని మీద తాను రాసిన ఇరవై రెండు పేజీల వ్యాసం చదువుతాడు. వాళ్ళు చప్పట్లు కొట్టి ఆయన్ని అధ్యక్షుడిగా ఎన్నుకుంటారు. పాత అధ్యక్షుడికి ఈ మధ్య చెవులు పూర్తిగా వినపడటం మానేశాయి. శ్రోతల సంఘానికి అది అంత శోభగా ఉండదని ఆయనే తప్పుకున్నాడు. కళ్ళజోళ్ళాయన నాలుగేళ్ళుగా ఆ కుర్చీ మీద కన్నేసి ఉన్నాడు.

ఎనిమిదో భాగం ఎందుకంత గొప్పదయిందో చెప్పాలి. పన్నెండు భాగాల ఆ అపరాధ పరిశోధన నాటకంలో మిగతావన్నీ సంఘంలో అందరి దగ్గరా ఉన్నాయి. ఎనిమిదోది మాత్రం లోకం మొత్తానికి ఒక్కటే క్యాసెట్టు, అదీ ఈయన దగ్గరే. అందులో ప్లీడరు గారు వణుకుతున్న గొంతుతో "ఈ హత్య చేసింది నేనే" అంటాడు. ఆరు సెకన్లు నిశ్శబ్దం. అప్పుడు ఎక్కడి నుంచో ఒక ఆడగొంతు, బాగా అలిసిపోయి, మెల్లగా, "తెలుసు. ఇక మీరు మారరు" అంటుంది. ఒక తలుపు కిర్రుమంటుంది. అంతే. ఆవిడ అంతకుముందు భాగాల్లో లేదు, తర్వాతి వాటిలో రాదు. నటీనటుల పేర్లు చదివినప్పుడు ఆవిడ పేరు చదవరు. ఆవిడ చచ్చిపోయినవాడి భార్యా? ప్లీడరు గారి అంతరాత్మా? ఈ ప్రశ్న మీద సంఘంలో ఇద్దరు స్నేహితులు రెండేళ్ళు మాట్లాడుకోలేదు.

కళ్ళజోళ్ళాయనకైతే ఆ గొంతు విన్న ప్రతిసారీ కళ్ళు చెమ్మగిల్లేవి. రేడియో స్టేషన్లో పనిచేసిన ఇంజనీరు ఒకాయన, కొత్త కళ్ళజోడు బాగా కుదిరిందన్న సంతోషంలో ఇచ్చిన క్యాసెట్ల పెట్టెలో అదీ ఒకటని ఆయన నమ్మకం.

పొద్దున్న ఏడింటికి ఆయన క్యాసెట్టు పెట్టి సౌండు సరిచూస్తున్నాడు. మామూలుగా ఆయన పాత నాటకాలు మొదలుపెట్టగానే భార్య మేడ మీదికో, పక్కింటికో వెళ్ళిపోయేది. ఈ రోజు అతిథులు వస్తున్నారు కనుక హాల్లోనే ఉండి కుర్చీలకు ఉతికిన గలీబులు తొడుగుతోంది. ప్లీడరు గారు నేరం ఒప్పుకున్నాడు. ఆరు సెకన్లు గడిచాయి. "తెలుసు. ఇక మీరు మారరు."

ఆవిడ చేతిలో గలీబు ఆగిపోయింది.

"ఇదేంటండీ, ఇందులో నా గొంతుందేంటి?"

"నీ గొంతేంటి? ఆవిడెవరో చాలా గొప్ప నటి."

"గొప్పా లేదు, మన్నూ లేదు. అది నేనే. మన పెళ్ళయిన మూడో నెల. ఫోటో తీయించుకుందాం, నాలుగింటికల్లా తయారుగా ఉండు అన్నారు. ఉన్నాను. అయిదున్నర దాకా గుమ్మంలో నించున్నాను. మీరు రేడియో ముందు టేపు రికార్డరు పెట్టి, ఏరియల్ తీగ పట్టుకుని బాల్కనీలో నించున్నారు. వెనక్కి తిరిగి చూస్తేగా! మీ వీపుకి చెప్పేసి లోపలికెళ్ళిపోయాను."

కళ్ళజోళ్ళాయన క్యాసెట్టు ఆపాడు. తీగ గుర్తొచ్చింది, బాల్కనీ గుర్తొచ్చింది. ఆ రోజు రికార్డింగు పాడైపోయిందనుకుని ఆ క్యాసెట్టును ఇంజనీరు గారి పెట్టెలోనే పడేసిన సంగతి కూడా గుర్తొచ్చింది.

"టేపు కాస్త నెమ్మదిగా తిరుగుతుంది... గొంతు కొంచెం బరువుగా..." అంటూ నీళ్ళు నమిలాడు.

"ఆ గొంతు గురించి ఏం రాశారు?"

ఆయన వ్యాసం తీసి, గొంతు తగ్గించి చదివాడు. "'ఈ రెండు మాటల వెనక ఒక జీవితకాలపు నిరీక్షణ ఉంది.'"

"జీవితకాలం కాదు, గంటన్నర. మిగతాదంతా తర్వాత జరిగింది." ఆవిడ సగం గలీబు తొడిగిన కుర్చీలో కూర్చుంది. "ముప్పై నాలుగేళ్ళుగా విని విని కళ్ళు తుడుచుకుంటున్నారే. నేనని ఒక్కసారైనా తోచలేదా?"

ఆయనకు నిజంగా సిగ్గేసింది. వ్యాసం మడిచి పక్కన పెట్టాడు.

"పదింటికి వచ్చేవాళ్ళకి చెప్తారా?" అంది ఆవిడ. "నాకింకేం వద్దు. అది నేనేనని అందరి ముందూ ఒక్కసారి మీ నోటితో చెప్పండి."

"చెప్తాను. సమయం చూసి తప్పకుండా చెప్తాను."

ఆవిడ ఆయన వంక చూసింది. లేచి, హాలుకీ వంటింటికీ మధ్య ఉన్న తలుపు తోసుకుని వెళ్ళింది. తలుపు కిర్రుమని మూలిగి, చివర్లో రెండుసార్లు టకటకమంది. క్యాసెట్టులోనూ అచ్చం అలాగే మూలుగుతుంది. వచ్చేవాళ్ళు పోల్చేస్తే! పరుగున వెళ్ళి బందులకు నూనె పోశాడు. తలుపు ఇంకా స్పష్టంగా కిర్రుమంది. చేసేది లేక దాన్ని బార్లా తెరిచి, కదలకుండా ఒక ముక్కాలి పీట అడ్డం పెట్టాడు.

పదింటికి పదకొండు మంది వచ్చారు. అందరికంటే ముందు పళ్ళ డాక్టరు వచ్చాడు, చంకలో పెద్ద కట్టతో. సంఘం ప్రత్యేక సంచిక అచ్చయి వచ్చేసింది. అట్ట మీద ఒక ఆడమనిషి బొమ్మ, కింద "అజ్ఞాత నటి" అని పెద్ద అక్షరాలు.

"బొమ్మ ఎలా వేయించారు? ఆవిణ్ణి ఎవరూ చూళ్ళేదుగా!" అన్నాడు కళ్ళజోళ్ళాయన.

"గొంతుని బట్టి చెప్పి వేయించానండీ. 'తెలుసు' అన్నప్పుడు ఆ 'సు' విన్నారా? సన్నగా గాలి పోతుంది. పై పళ్ళల్లో ముందు రెండింటి మధ్య సందుందన్నమాట. పందెం!" అన్నాడు డాక్టరు.

మంచినీళ్ళు తెస్తున్న ఇంటావిడ చప్పున నోరు మూసుకుంది. పళ్ళ మధ్య సందు నిజంగానే ఉంది.

డాక్టరు వెనకే లెక్కల టీచరు వచ్చింది. ఆవిడ మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచీ వేలాడుతూ ఉంటుంది. ఏ నాటకంలో ఏ నిమిషానికి ఎవరు దగ్గారో ఆవిడ నోటుపుస్తకంలో ఉంటుంది. ఆ రోజుల్లో వాన కోసం ఇనప రేకు మీద ఎండు గింజలు దొర్లించేవారని, మంట కోసం పల్చటి కాగితం నలిపేవారని కనిపెట్టి సంఘానికి చెప్పింది ఆవిడే.

"నాకో అనుమానం ఉంది మాస్టారూ. స్టూడియోలో ఉన్నది ఒకే ఒక్క తలుపు. పదకొండేళ్ళ నాటకాల్లో జైలుకీ అదే, రాజుగారి కోటకీ అదే, ఆస్పత్రికీ అదే. దాని మూలుగు నాకు నిద్రలో కూడా తెలుసు. ఎనిమిదో భాగంలో తలుపు అది కాదు."

"తలుపులు పాతబడతాయి కదండీ," అన్నాడు కళ్ళజోళ్ళాయన, కాలితో పీటని ఇంకాస్త గట్టిగా నొక్కుతూ.

"తొమ్మిదో భాగానికి మళ్ళీ కొత్తదయిపోయిందా?"

ఈలోగా వంటింట్లోంచి ఆవిరీ ఉక్కా హాల్లోకి వస్తున్నాయని డాక్టరు తలుపు వేయబోయాడు. "వద్దు! రంగు పచ్చిగా ఉంది!" అని అరిచాడు కళ్ళజోళ్ళాయన. డాక్టరు వేలితో ముట్టుకుని చూశాడు. రంగేం లేదు, వేలికి నూనె అంటింది. "రంగు వెయ్యడానికి ముందు నూనె పూయాలట," అన్నాడు కళ్ళజోళ్ళాయన. లెక్కల టీచరు ఆయన్ని ఒకసారి, తలుపుని ఒకసారి చూసి నోటుపుస్తకంలో ఏదో రాసుకుంది.

ఇంక లాభం లేదు, చెప్పేద్దాం అనుకుని ఆయన లేచి, "ఒక చిన్న మాట..." అన్నాడు. సరిగ్గా అప్పుడే ముఖ్య అతిథి వచ్చాడు. నాటకంలో ప్లీడరు గారి పాత్ర వేసిన పాత నటుడు! ఎనభై దాటినా గొంతు మాత్రం గంటలా మోగుతోంది. పదకొండు మందీ లేచి నిలబడ్డారు. చిన్న మాట ఎక్కడో పోయింది.

క్యాసెట్టు పెట్టారు. గదిలో ఎవరూ కదలలేదు. చివరికి ఆ గొంతు వినిపించగానే డాక్టరు కళ్ళు మూసుకున్నాడు. వంటింటి గుమ్మంలో ఇంటావిడ టీ కప్పుల పళ్ళెంతో నిలబడి, తన గొంతు విని పదకొండు మంది ముక్కులు చీదుకోవడం వింతగా చూసింది.

"అయ్యా, మీరు ఆవిడ పక్కనే నిలబడి చెప్పారు ఆ మాటలు. ఎవరండీ ఆవిడ? గుర్తున్నారా?" అని అడిగాడు డాక్టరు.

పాత నటుడు నాలుగు సెకన్లు ఆగాడు. లెక్కల టీచరు కొలిచింది. నిజానికి ఆయనకు ఏమీ గుర్తు లేదు. కానీ పదకొండు జతల కళ్ళు అంత ఆశగా చూస్తుంటే గుర్తు లేదనడం ఏ నటుడి తరమూ కాదు.

"మరిచిపోతానా?" అన్నాడు. "ఎత్తుగా ఉండేది. తెల్ల గొడుగు. ఒక్క రోజే వచ్చింది. ఆ రెండు ముక్కలూ ఒక్కసారికే చెప్పేసింది. నేను అంతవాణ్ణి, నా తర్వాతి మాట మరిచిపోయాను. తేరుకుని చూస్తే మనిషి లేదు."

గదిలో అందరూ ఒక్కసారి నిట్టూర్చారు. కళ్ళజోళ్ళాయన మాత్రం కొంప మునిగిందనుకున్నాడు. ఇప్పుడు నిజం చెబితే ముఖ్య అతిథి అబద్ధాలకోరవుతాడు, అట్ట మీద బొమ్మ నవ్వులపాలవుతుంది, అధ్యక్ష పదవి గాల్లో కలిసిపోతుంది. డాక్టరు అప్పటికే లేచి, ఈ అమూల్యమైన గొంతుని ఇన్నేళ్ళు కాపాడిన మనిషే మన అధ్యక్షుడు అని ప్రతిపాదించాడు. అందరి చేతులూ లేచాయి.

"మాట్లాడండి, అధ్యక్షా!" అన్నారు.

కళ్ళజోళ్ళాయన లేచాడు. గుమ్మంలో భార్య కనపడింది. ఇదే సమయం. ఆయనకు తెలుసు, ఆవిడకూ తెలుసు. నోరు తెరిచాడు.

"ఆ... ఆ అజ్ఞాత నటి... ఎక్కడున్నా... మన మాట ఆవిడకి వినపడాలని..."

"సరే లెండి. మీ ఇష్టం," అంది గుమ్మంలో ఉన్న మనిషి.

గట్టిగా అనలేదు, కోపంగానూ అనలేదు. కాలితో పీటని పక్కకి నెట్టింది. తలుపు కిర్రుమని మూలిగి, రెండుసార్లు టకటకమని మూసుకుంది.

లెక్కల టీచరు చేతిలో స్టాప్‌వాచీ జారి ఒళ్ళో పడింది. డాక్టరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "ఆ గొంతే! ఆ 'స'! వదినగారూ, ఒక్కసారి ఇలా వచ్చి నవ్వండి!"

కళ్ళజోళ్ళాయనకు పదవి సంగతి ఒక్కసారిగా మనసులోంచి జారిపోయింది. మూసిన తలుపు చూస్తే ఏడుపొచ్చింది. "అవును, ఆవిడే!" అని అరిచాడు. "పొద్దున్నే చెప్పాల్సింది, భయపడ్డాను. ఆవిడ నటి కాదు, నా భార్య. అది ఈ హాల్లో రికార్డయింది. ఫోటోకి తీసుకెళ్తానని చెప్పి గంటన్నర గుమ్మంలో నిలబెట్టాను. ఆ మాట నన్నే అంది. ఆ బాధ నేను పెట్టిందే. అంత బాధా ఇన్నేళ్ళు విన్నాను కానీ ఎవరిదో పోల్చుకోలేకపోయాను, దద్దమ్మని!"

తలుపు కొద్దిగా తెరుచుకుంది.

గదిలో అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత డాక్టరు గద్గదమైన గొంతుతో, "ఎంత వినయం!" అన్నాడు. "భార్య నటనా జీవితం దాచిపెట్టడానికి నింద తన మీద వేసుకుంటున్నాడు!"

"నేను రాగానే గుర్తుపట్టాను," అన్నాడు పాత నటుడు. "ఆవిడ గుట్టు బయటపెట్టడం మర్యాద కాదని ఊరుకున్నాను."

"ఎత్తుగా అన్నారు కదండీ?" అంది లెక్కల టీచరు. ఇంటావిడ టీచరు భుజం దాకా కూడా రాదు.

"వయసు మీద పడితే మనుషులు తగ్గరా?" అన్నాడు డాక్టరు.

లెక్కల టీచరు ఒప్పుకోలేదు. నేరుగా ఇంటావిడ దగ్గరికి వెళ్ళింది. "అక్కయ్యగారూ, మీరే చెప్పండి. ఆ రెండు మాటలు అంత బాధగా ఎలా అనగలిగారు?"

అందరూ ఆవిడ చుట్టూ చేరారు. ఇన్నేళ్ళలో ఆవిణ్ణి ఎవరూ ఏదీ ఇంత ఆత్రంగా అడగలేదు. ఆవిడ పళ్ళెం కింద పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"ముందు ఒక మనిషి మాటివ్వాలి. అది నమ్మి తయారవ్వాలి. గంటన్నర గుమ్మంలో నించోవాలి, కూర్చోకూడదు. ఆ తర్వాత మనం ఏమీ చెయ్యక్కర్లేదు, అదే వచ్చేస్తుంది."

"ఆహా! సాధన అంటే అదీ!" అన్నాడు పాత నటుడు. పదకొండు మందీ గబగబా రాసుకున్నారు. "కూర్చోకూడదు" అన్న మాట కింద డాక్టరు రెండు గీతలు గీశాడు. సాక్షాత్తూ ఆవిడే దొరికాక క్యాసెట్టు దాచినవాణ్ణి అధ్యక్షుణ్ణి చెయ్యడం ఏం సబబని ఎవరో అన్నారు. ఈసారి ఆవిడ కోసం మళ్ళీ చేతులు లేచాయి. అందరికంటే ముందు లేచింది కళ్ళజోళ్ళాయన చెయ్యి.

అందరూ వెళ్ళాక ఆయన వంటింట్లో కప్పులు కడుగుతూ, "నిజం చెప్తే ఒక్కరూ నమ్మలేదే!" అన్నాడు.

"నేను నమ్మాను," అంది ఆవిడ. "అందరి ముందూ చెప్పారుగా. చాలు."

ఆ మాటకి ఆయన ప్రాణం కుదుటపడింది. కప్పు తుడుస్తూ, కొంచెం ధైర్యం చేసి, "అయితే ఆ పదవి... నీకు ఇవన్నీ ఇష్టం ఉండదు కదా, వదిలేస్తావేమో..." అన్నాడు.

"ఆ మాట నేనెప్పుడన్నాను?" అంది ఆవిడ. "వచ్చే ఆదివారానికి ఇంకో నాలుగు కుర్చీలు కావాలి, పక్కింట్లో అడిగి రండి. వచ్చాక ఆ నాటకం మొదటి భాగం నుంచీ పెట్టండి. అసలు ఎవరు ఎవర్ని చంపారో నాకు తెలియాలి."

ఆయన కుర్చీలు అడగడానికి వెళ్ళాడు. సంఘంలో అధ్యక్షురాలి భర్త హోదా ఏమిటో నియమావళిలో ఇంతవరకు రాయలేదు.