ఏడో అంతస్తు మేనేజర్

ఆ బుధవారం ప్యో మున్‌సిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి గడ్డం గీసుకోవాలి, ఎనిమిదింటికి తినాలి, పదింటికి కింద ఆఫీసు గదిలో ఇంటర్వ్యూకి కూర్చోవాలి. పరీక్షకు వెళ్ళేవాడు సముద్రపు నాచు చారు తాగితే జారిపోయి తప్పుతాడన్న నమ్మకంతో భార్య ఇన్‌సుక్ జాగ్రత్తగా మొలకల చారు కాచింది.

కొరియాలోని దేజన్ నగరంలో వాళ్ళుండే అపార్ట్‌మెంట్ల సముదాయంలో ఓ చిన్న గ్రంథాలయం ఉంది. దాన్ని చూసుకునే మనిషి కావాలి. జీతం చెప్పుకోదగ్గది కాదు. అయినా బిస్కెట్ల కంపెనీలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి, రెండు నెలల కిందట యాభై ఏడో ఏట ‘స్వచ్ఛందంగా’ ఇంటికొచ్చేసిన మున్‌సిక్‌కి జీతంతో పనిలేదు. పొద్దున్నే బూట్లేసుకుని వెళ్ళడానికి ఓ చోటు కావాలి, అంతే.

ఉద్యోగం పోయినా సముదాయంలో అందరూ ఆయన్ని మేనేజర్ గారనే పిలుస్తున్నారు. చిక్కల్లా, ఆ ఇంట్లోకి మరో మేనేజర్ రావడంతో మొదలైంది.

ఇన్‌సుక్ చెల్లెలు కాపురం అత్తగారింటికి మార్చింది. అత్తగారికి కుక్క బొచ్చు పడదు. అందుకని మూడు కిలోల తెల్ల కుక్కను బుట్టలో పెట్టి తెచ్చి అక్క చేతిలో పెట్టింది. ఏ పనీ చెయ్యకుండా కుర్చీలో కూర్చుని అందర్నీ అసంతృప్తిగా చూస్తుందని ఆ చెల్లెలే దానికి మేనేజర్ అని పేరు పెట్టిందట. మున్‌సిక్ మనసు చివుక్కుమని, తెల్లటి సోయా జున్ను పేరు పెట్టి దాన్ని ‘తోఫు’ అని పిలిచి చూశాడు. అది చెవి కూడా కదపలేదు. అది మొరగదు. వచ్చిన రోజునుంచీ మూడు వారాలుగా ముసురు పట్టడంతో గడప దాటలేదు. అందువల్ల ఏడో అంతస్తులో ఓ కుక్క ఉందని చుట్టుపక్కల ఎవరికీ తెలియదు.

ఒకటికీ రెంటికీ బాత్రూంలోకే వెళ్ళడం అలవాటు చెయ్యమని పశువుల డాక్టరు ఫోన్లో చెప్పాడు. అక్కడ ప్యాడ్ పరవాలి, తిన్న వెంటనే తీసుకెళ్ళి కూర్చోబెట్టాలి, పనయితే గట్టిగా మెచ్చుకుని ఎండు చేప ముక్క పెట్టాలి, తప్పు చేస్తే తిట్టకూడదు. ఇన్‌సుక్‌కి చివరిది తప్ప అన్నీ గుర్తున్నాయి. మేనేజర్ ప్యాడ్ మీద అరగంట తపస్సు చేసి, బయటికొచ్చి, సోఫా ఎక్కి పని ముగించేది. ఆ ప్యాడ్లతోనే తుడిచీ తుడిచీ మున్‌సిక్‌కి మోకాళ్ళు కాయలు కాశాయి.

ఆ ఉదయం కూడా అదే జరిగింది.

“మేనేజర్! మళ్ళీ సోఫా మీదేనా? ఇంతసేపూ బాత్రూంలో కూర్చుని ఏం చేశావ్? సిగ్గులేదూ?” అని ఇన్‌సుక్ బాత్రూం గుమ్మంలో నిలబడి కేకేసింది.

ఆ భవనంలో గోడలు గట్టివే. కానీ బాత్రూం గాలిగొట్టం మాత్రం పైనుంచి కిందిదాకా ఒకటే. ఆరో అంతస్తులో ఒంటరిగా ఉండే అవ్వ మూడు వారాలుగా ఆ కేకలు వింటూ, పళ్ళు తోముకుంటూ కళ్ళొత్తుకుంటోంది.

తొమ్మిదిన్నరకు మున్‌సిక్ ఇస్త్రీ చొక్కా వేసుకుని లిఫ్ట్ ఎక్కాడు. ఆరో అంతస్తులో అవ్వ ఎక్కింది. తలుపులు మూసుకోగానే ఆయన మోచెయ్యి పట్టుకుంది.

“నాకంతా తెలుసు నాయనా. ఎన్నాళ్ళయింది?”

తన ఉద్యోగం సంగతే అడుగుతోందనుకున్నాడు మున్‌సిక్. “రెండు నెలలవుతోందండీ.”

“ఉన్నట్టుండి వచ్చిందా?”

“లేదండీ, ఏడాదిగా అనుమానంగానే ఉంది. ఆగుదామనే చూశాను. పైనుంచి ఒత్తిడి ఎక్కువైపోయింది. ఇక ఆగలేకపోయాను.”

అవ్వ కళ్ళు చెమర్చాయి. “మా ఆయనకీ ఇంతే. ఆయన కూడా మొదట్లో ఎవరికీ చెప్పుకోలేదు.”

“మీ ఆయన కూడా ఇంత చిన్న వయసులోనేనాండీ?”

“అరవై దాటాకే. నీకు మరీ ముందొచ్చింది, పాపం. అయినా ఇందులో నీ తప్పేముంది? ఆవిడ అలా అరవకూడదు.”

రెండు నెలల్లో మున్‌సిక్ తప్పేమీ లేదన్నది ఈవిడొక్కతే. ఇన్‌సుక్ ఎప్పుడు అరిచిందో అర్థం కాలేదు గానీ, ఆ ఓదార్పు ముందు అది పెద్ద విషయంగా తోచలేదు. వంగి దణ్ణం పెట్టాడు.

కింద కాపలాదారు ఓ పెద్ద అట్టపెట్టె పట్టుకుని నిలబడ్డాడు. పెట్టె మీద “అధికంగా పీల్చే ప్యాడ్లు, రెండు వందలు” అని గుప్పెడంత అక్షరాలున్నాయి.

“మేనేజర్ గారూ, మీ పేరు మీదే వచ్చింది. ఎవరి కంటా పడకుండా వెనక దాచాను.”

“దాచడమెందుకయ్యా? రోజుకి ఆరు అయిపోతున్నాయి. మా ఆవిడకి చెప్పు, పైకి తీసుకెళ్తుంది.”

“ఆరా!” అన్నాడు కాపలాదారు. ఆ మనిషి ధైర్యానికి టోపీ తీశాడు.

ఇంటర్వ్యూ గదిలో నివాసుల సంఘం అధ్యక్షురాలు బాంగ్ టీచరమ్మ, ఇద్దరు సభ్యులు కూర్చున్నారు. అవ్వ కూడా సభ్యురాలే కాబట్టి వెనకే వచ్చి కూర్చుంది. మున్‌సిక్ కోసం వేసిన కుర్చీ మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంది. వానకి తడిసిందేమో అనుకుని కూర్చున్నాడు. పట్టా కిరకిరలాడింది.

“గ్రంథాలయం ఎదురుగానే టాయిలెట్ ఉందండీ,” అంది టీచరమ్మ మృదువుగా. “మీరెన్నిసార్లయినా వెళ్ళిరావచ్చు. ఎవరూ లెక్కపెట్టరు.”

“అబ్బే, నాకా అవసరమే రాదు. కూర్చున్నానంటే సాయంత్రం దాకా లేవను.”

సభ్యులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. “పుస్తకాలు కదండీ. తడిస్తే పనికిరావు. దానికేమైనా ఆలోచించారా?”

“పట్టాలు పరుస్తాను. వానాకాలంలో తప్పదు.”

“మరి వానాకాలం కానప్పుడు?” అని అడిగాడాయన దిగులుగా.

మున్‌సిక్ జవాబు వెతుక్కుంటుండగా జేబులో ఫోను మోగింది. కంగారులో ఏదో నొక్కేసరికి ఇన్‌సుక్ గొంతు గదంతా మోగింది.

“ఏవండీ! మేనేజర్ మళ్ళీ సోఫా మీద పోశాడు! ఈసారి నా మెత్తటి దిండు మీద!”

టీచరమ్మ మున్‌సిక్‌ని చూసింది. తర్వాత కుర్చీ కిందికి వంగి చూసింది. పొడిగా ఉంది.

“మీరిక్కడ ఉన్నారు కదా,” అంది మెల్లిగా. “మరి అక్కడ పోసిందెవరు?”

అప్పుడు మున్‌సిక్‌కి పట్టా, టాయిలెట్, లిఫ్టులో ఓదార్పు, కాపలాదారు టోపీ, అన్నీ వరసగా అర్థమయ్యాయి. చెవులు ఎర్రబడ్డాయి.

“అది కుక్కండీ! మా కుక్క పేరు మేనేజర్!”

“మూడు వారాల్లో ఒక్క మొరుగు వినలేదు నాయనా,” అంది అవ్వ జాలిగా. “మా దగ్గర దాచుకోవాల్సిన పని లేదు.”

“నాకే జబ్బూ లేదండీ! కావాలంటే పదండి, చూపిస్తాను!”

నలుగురూ ఆయన వెంట ఏడో అంతస్తుకి వచ్చారు. ఇన్‌సుక్ తుడుపుకర్రతో తలుపు తీసింది. చొక్కా చెమటతో తడిసిన మొగుణ్ణీ, వెనక సంఘాన్నీ చూసి బిత్తరపోయింది.

“మేనేజర్! ఇలా రా!” అన్నాడు మున్‌సిక్.

ఎవరూ రాలేదు.

“మేనేజర్! బాబూ! నీకు పుణ్యముంటుంది!” అంటూ సోఫా కిందికి దూరి వెతికాడు. తనని తనే పిలుచుకుంటూ సోఫా కింద పాకుతున్న ఆ మనిషిని చూసి అవ్వ మొహం తిప్పుకుంది. “బుర్రకి కూడా ఎక్కింది,” అని గొణిగింది.

ఆ గొణుగుడు మున్‌సిక్‌కి వినపడింది. కింద అలాగే బోర్లా పడుకుని ఓ క్షణం లేవలేదు. ముప్ఫై ఏళ్ళు ఎందరికో జవాబులు చెప్పిన మనిషి, ఓ కుక్క కనబడకపోతే పిచ్చివాడైపోయాడు.

అప్పుడు కుక్క వంటింట్లోంచి తాపీగా వచ్చింది. అందర్నీ అసంతృప్తిగా చూసింది. వాసన చూసుకుంటూ వెళ్ళి, బాంగ్ టీచరమ్మ మేజోడు మీద కాలెత్తింది.

“చూశారా!” అని మున్‌సిక్ చప్పట్లు కొట్టాడు. “చూశారా! అదే మేనేజర్!”

ఇన్‌సుక్ క్షమించమంటూ తువ్వాలు పట్టుకుని పరిగెత్తింది. టీచరమ్మ మేజోడు విప్పి చేత్తో పట్టుకుని, కాస్త తేరుకుని, “సంతోషం మేనేజర్ గారూ. మీకేమీ లేదన్నమాట,” అంది.

“ఏమీ లేదండీ. గుండ్రాయిలా ఉన్నాను.”

“అదే ఇబ్బంది. మీకన్నా ముందు ఒకాయన వచ్చారు. పదిహేనేళ్ళు పుస్తకాల కొట్టు నడిపారు. అయినా మీ పరిస్థితి చూసి, పాపం అని, ఉద్యోగం మీకే ఇద్దామని నిన్ననే తీర్మానించుకున్నాం. ఇప్పుడిక ఏం చెప్పి ఇస్తాం?”

“అంటే... నాకు జబ్బు లేకపోవడం వల్ల...”

“సంతోషించాల్సిన విషయమే కదా నాయనా,” అంది అవ్వ, కొంచెం నిరుత్సాహంగా.

వాళ్ళు వెళ్ళిపోయారు. మున్‌సిక్ ఇస్త్రీ చొక్కాతోనే నేలమీద చతికిలబడ్డాడు. ఇన్‌సుక్ పక్కనే కూర్చుంది. ఏమనాలో తోచక ఆయన భుజం మీద దుమ్ము దులిపింది.

ఇద్దరూ చూస్తుండగానే కుక్క బాత్రూంలోకి నడిచింది. ప్యాడ్ మధ్యలో కూర్చుంది. మూడు వారాల్లో మొదటిసారి, ఒక్క చుక్క బయట పడకుండా పోసి, వచ్చి ఎదురుగా నిలబడింది.

“అరిచి మెచ్చుకోనా?” అని గుసగుసగా అడిగింది ఇన్‌సుక్.

“వద్దు. మళ్ళీ కిందికి వినపడుతుంది,” అన్నాడు మున్‌సిక్. డబ్బా తీసి ఎండు చేప ముక్క దాని నోటికందించాడు.

ఆ ఇంట్లో ఇద్దరు మేనేజర్లలో ఆ రోజు పనిచేసి జీతం పుచ్చుకున్నది ఒక్కడే.