బీమాసేనుడి రెండు డిస్కులు

ఆయన పనిచేసేది బీమా ఆఫీసులో కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని బీమాసేనుడు అంటారు. మనిషి ఈనెపుల్లే గానీ మాట మాత్రం గద దెబ్బే. ఎదురుపడ్డ ప్రతివాణ్ణీ నిలేసి, "రేపు నీకేమైనా అయితే?" అని అడిగి, వాడి మొహంలో కత్తివాటుకు నెత్తురుచుక్క లేకుండా చేసి గానీ వదలడు. అంతటివాడి ఇంట్లో ఒక్క వస్తువుకైనా బీమా లేదన్న సంగతి ఆయన భార్యకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆవిడకు మందుల షాపు ఉంది. వీధికి మాత్రం ఆవిడ పిట్టలావిడ. ఇంటి వెనక ఒక మడుగు ఉండేది. షాపు తెరిచే ముందు రోజూ ఆ గట్టున మైకు పట్టుకుని కూర్చుని, అక్కడ వాలే పిట్టల కూతలన్నీ రికార్డు చేసేది. భర్త పక్కింటివాళ్ళతో సహా అందరికీ వినబడేలా పాట ఎత్తుకోగానే పిట్టలన్నీ ఒక్కసారిగా లేచిపోయిన చప్పుడు కూడా ఆవిడ రికార్డుల్లో ఉంది.

తర్వాత ఆ మడుగును పూడ్చేసి మేడలు కట్టారు. పిట్టలు ఎటో పోయాయి. వాటి గొంతులు ఇక మిగిలింది ఆవిడ పాత కంప్యూటర్లోనే. అదేమో ఆన్ చేసినప్పుడల్లా మూలుగుతోంది. ఇంతలో మ్యూజియం వాళ్ళు కబురు పెట్టారు, ఆ కూతలు జనానికి వినిపించడానికి ఒక గది ఇస్తామని.

"ఇవి పోతే మళ్ళీ రావండీ," అంది ఆవిడ. "మడుగే లేదు, ఇంకెక్కడ కూర్చుని రికార్డు చేసేది?"

"నేనుండగా పోవడమా!" బీమాసేనుడు లేని మీసం మెలేశాడు. "రెండు డిస్కులు తెస్తాను. వాల్యూమ్ మేనేజర్ అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. నువ్వు ఒక్కసారి దాచు, అది రెండుచోట్ల రాస్తుంది. మిర్రర్ అంటారు దాన్ని. ఒక డిస్కు చచ్చినా రెండోది పనిచేస్తూనే ఉంటుంది."

"రెండు డిస్కుల్లోనూ రాస్తుందా?"

"రెండిట్లోనూ!"

చెప్పినప్పుడు ఆయన మనసులో ఏ కల్మషమూ లేదు. కల్మషం డిస్కులు ఇంటికొచ్చాక పుట్టింది.

రెండూ ఒక పెట్టెలో పక్కపక్కనే అమరాయి. ఒక్కోదాని కింద ఒక్కో పచ్చ దీపం. బీమాసేనుడు కళ్ళద్దాలు సవరించుకుని వాల్యూమ్ మేనేజర్ తెరిచాడు. డిస్కును భాగాలుగా విడదీసి దాని చేతికి అప్పగిస్తే చాలు, ఏ భాగాన్ని దేనితో కలపాలో అదే చూసుకుంటుంది. లోపల ఫైళ్ళు నడుస్తుండగానే చోటు పెంచుతుంది, తగ్గిస్తుంది, ఇటుది అటు మారుస్తుంది. ఇటుక లేదు, సున్నం లేదు, గదులు మాత్రం పుడుతున్నాయి. బీమాసేనుడు నోరు వెళ్ళబెట్టి చూస్తూ ఉండిపోయాడు.

అప్పుడు కుట్టింది బుర్రలో పురుగు. ఆయన పాడతాడని చెప్పాను కదా. ఊరికే పాడడు, నాలుగు వైపులా కెమెరాలు పెట్టుకుని మరీ పాడతాడు. ఆ వీడియోలతో ఫోను నిండింది, భార్య ఫోను కూడా నిండింది. ఇక్కడ చూస్తే రెండు డిస్కులూ పిట్టల పాలవుతున్నాయి.

'మొదటి డిస్కునే రెండు సగాలు చేసి, ఒక సగానికి రెండో సగాన్ని మిర్రర్‌గా పెడితే పోలా? రెండు ప్రతులంటే రెండు ప్రతులే. రెండో డిస్కు మొత్తం మనదే,' అనుకున్నాడు.

సాఫ్ట్‌వేర్‌కు ఆయన కంటే బుద్ధి ఎక్కువ. "ఈ రెండు భాగాలూ ఒకే డిస్కులో ఉన్నాయి. డిస్కు పాడైతే రెండూ పోతాయి. అయినా కొనసాగించాలా?" అని అడిగింది.

'కొత్త డిస్కు, దీనికేమవుతుంది!' అనుకున్నాడు బీమాసేనుడు. కొత్త బండి కొన్నవాళ్ళు ఇదే మాట అంటే, కుర్చీ దగ్గరికి లాక్కుని అరపూట క్లాసు పీకే మనిషి ఆయన. 'అవును' నొక్కేశాడు.

భార్యను పిలిచి తెర చూపించాడు. "ఇదిగో ఒక ప్రతి, ఇదిగో రెండో ప్రతి. నిశ్చింతగా ఉండు."

ఆవిడ తెర వైపు చూసింది, పెట్టె వైపు చూసింది, "ఊఁ" అంది. ఆ 'ఊఁ'ను ఆయన మెచ్చుకోలు కింద జమకట్టుకున్నాడు.

నెలలు గడిచాయి. పిట్టలావిడ కూతలను ఏరి, శుభ్రం చేసి, పేర్లు పెట్టి దాచుకుంటూ వచ్చింది. బీమాసేనుడు తలుపు వేసుకుని తన పాటలు తనే చూసుకుంటూ కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. చివరికి మ్యూజియం వాళ్ళు వచ్చి విని పట్టుకెళ్ళే రోజు వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఆవిడ ముందుగదిలో స్పీకరు పెట్టుకుని కూతలు ఒక్కొక్కటే వింటోంది. ఆయన వెనకగదిలో, డిస్కుల పెట్టె దగ్గర ఉన్నాడు. పెట్టెలోంచి టక్ టక్ మని చప్పుడు మొదలైంది. మొదటి డిస్కు కింద పచ్చ దీపం ఎర్రబడింది. మూడుసార్లు కొట్టుకుని కొండెక్కింది.

బీమాసేనుడి పై ప్రాణాలు పైనే పోయాయి. మొదటి డిస్కు! పిట్టలు అందులోనే ఉన్నాయి, పిట్టల నకళ్ళు కూడా అందులోనే ఉన్నాయి.

కానీ ముందుగదిలో కూత ఆగలేదు.

'కంప్యూటర్ ముందే చదివిపెట్టుకున్న ముక్క అయ్యుంటుంది. ఇప్పుడాగిపోతుంది,' అనుకున్నాడు. ఆగలేదు. ఒక పిట్ట అయిపోయింది, ఇంకో పిట్ట అందుకుంది. చచ్చిన డిస్కును పెట్టెలోంచి ఊడబెరికాడు. ఆ పిట్ట ఒక్క స్వరం కూడా తడబడలేదు. ఒళ్ళంతా గగుర్పొడిచింది ఆయనకు. పోయిన మడుగు మొత్తం ఆ గదిలోకి వచ్చి కూర్చున్నట్టుంది.

డిస్కు పట్టుకుని ముందుగదిలోకి వెళ్ళాడు. "ఏమేవ్, నీతో ఒక మాట..."

"ష్! వినండి, ఇది జత కోసం పిలుస్తోంది."

"నన్ను చంపేయ్."

"సాయంత్రం మ్యూజియం వాళ్ళొస్తున్నారు. రేపు చూద్దాం లెండి."

"అది కాదే, ఈ డిస్కు చచ్చిపోయింది. నీ పిట్టల ప్రతులు రెండూ ఇందులోనే పెట్టాను."

"తెలుసు," అంది ఆవిడ, చెవి స్పీకరు నుంచి తిప్పకుండా.

"తెలుసా?"

"నేను కూత దాచినప్పుడల్లా ఒక్క దీపమే కొట్టుకునేది. మీరు తలుపేసుకున్నప్పుడు రెండోది కొట్టుకునేది. రెండుచోట్ల రాస్తే రెండూ ఒకేసారి వెలగాలి కదండీ. షాపులో ఒకే మందు రెండు సీసాలూ ఒకే అరలో పెడితే, అర విరిగాక నాకేం మిగులుతుంది?"

"మరి నన్నడగలేదేం?"

"అడిగితే వివరిస్తారని భయం."

ఆవిడే చెప్పుకొచ్చింది. "మీరు ఆఫీసుకెళ్ళాక కూర్చుని దాని గురించి మొత్తం చదివాను. మొదటి డిస్కులో రెండో సగాన్ని మిర్రర్ నుంచి విడదీశాను. రెండో డిస్కు ఖాళీ చేసి వాల్యూమ్ మేనేజర్‌కి ఇచ్చాను. అది ఒక్కో పిట్టనీ అందులోకి రాసుకుంది. అదంతా జరుగుతున్నంతసేపూ ఇక్కడ కూత మోగుతూనే ఉందండీ! ఇంటి కింద పునాది మారుస్తుంటే లోపల పసిపిల్ల నిద్ర లేవనట్టు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి."

బీమాసేనుడు ఆవిణ్ణి కళ్ళప్పగించి చూశాడు. తను 'అవును' నొక్కడం తప్ప ఇంకేమీ చేయలేకపోయిన ఆ తెర ముందు కూర్చుని ఈ మనిషి ఇంత పని చేసిందా! చేసి, పైకి ఒక్క మాటైనా అనకుండా ఇన్నాళ్ళూ తనకు అన్నం వడ్డించిందా! భార్య అంటే మొదటిసారి భయంతో కూడిన భక్తి కలిగింది. ఆ భక్తిలోంచి నెమ్మదిగా ఒక అనుమానం తల ఎత్తింది.

"రెండో డిస్కు ఖాళీ చేశానన్నావు."

"చేశాను."

"అందులో నా పాటలుండాలి."

"ఉండేవి. రెండు డిస్కులూ నా పిట్టలకే అన్నారు కదా, మీ పాటలు ఎలా వచ్చాయో మరి."

"ఎక్కడ పెట్టావే వాటిని?" అన్నాడు నీరసంగా.

"పారేస్తానా? మొదటి డిస్కులో విడదీసిన సగం ఖాళీయే కదా, అందులో సర్దాను. పేర్లు కూడా మార్చలేదు, మీరు వెతుక్కుంటారని."

బీమాసేనుడు తన చేతిలోకి చూసుకున్నాడు. డిస్కు ఇంకా వెచ్చగానే ఉంది. చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూశాడు. లోపల ఏదో గలగలమంది.

స్పీకర్లో కొత్త గొంతు ఒకటి మొదలైంది. సన్నగా లేచి, పైపైకి వెళ్ళి, ఎవరూ ఎక్కలేని చోట నిలబడి అక్కడినుంచి అలవోకగా దిగింది. బీమాసేనుడు ఇన్నేళ్ళ కాపురంలో ఎన్నడూ అడగని మాట అడిగాడు.

"ఇది ఏ పిట్ట?"

"ముందు ఆ డిస్కు కింద పెట్టి కూర్చోండి," అంది ఆవిడ పక్క కుర్చీ జరుపుతూ. "చెప్తాను."