బొట్టు పెట్టిన సుత్తి

ఒక పెద్ద అడవిలో, వాగు ఒడ్డున, జంతువులన్నీ తలో చెయ్యి వేసి కట్టుకున్న పనిశాల ఒకటుండేది. రంపం, సుత్తి, ఉలి అన్నీ అందరివీ. ఎవరికి కావలసింది వాళ్లు చేసుకుని, రంపపు పొట్టు ఊడ్చి పోవాలి. రూలల్లా అంతే.

ముళ్లపంది సూరమ్మ అక్కడే తన బొరియకు తలుపు చేసుకుంటోంది. కిందటేడు తుఫానుకు నీళ్లు లోపలికొచ్చి పిల్లలు కొట్టుకుపోబోయారు. ఆ భయం ఆవిడకింకా వదల్లేదు. చెక్కలు కోసేసింది, మేకులు కొట్టడమే మిగిలింది.

ఇంతలో దసరా వచ్చింది. పనిముట్లన్నిటికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేశారు. ఆ ఒక్కరోజు ఎవరూ వాటిని ముట్టుకోరు. ఆనవాయితీయే కదా అని సూరమ్మ ఊరుకుంది.

మర్నాడు వెళ్తే పనిశాల అధ్యక్షుడు, ఎలుగుబంటి గుబురయ్య, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఆ సుత్తి ఇలా ఇవ్వు బాబాయ్, నాలుగు మేకులు కొట్టుకుపోతాను."

"ఎంత కళగా ఉన్నాయో చూడవే అమ్మాయ్! పూజ చేసిన సుత్తితో ఎవరైనా మేకులు కొడతారా? పైగా పక్క అడవి నుంచి తనిఖీకి వస్తున్నారు. మంచి పనిశాలకు షీల్డు ఇస్తారట."

"పని జరగని పనిశాలకా?"

"అరగని పనిముట్లకు!" అన్నాడు గుబురయ్య గర్వంగా.

"అరగని పనిముట్లకు, అరగని పనిముట్లకు" అంది కార్యదర్శి చిలుక. తీర్మానం నెగ్గింది.

సూరమ్మకు ఒళ్లు మండి ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. కానీ ముళ్లు నిక్కితే మేకులు దిగవు కదా! ఆకాశం చూస్తే నల్లగా కమ్ముకొస్తోంది. చెక్కలు ఈడ్చుకుంటూ చింతచెట్టు కిందకు పోయి, వాగులోంచి ఒక గుండ్రాయి తెచ్చి కొట్టడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు విని కోతి తన విరిగిన మంచం బాగుచేసుకుందామని మోసుకొచ్చింది. ఉడుత తలుపు అంచులు పళ్లతో కొరికి సాపు చేసిపెట్టింది. చీకటి పడేలోగా తలుపు తయారైంది.

ఆ రాత్రి కుండపోతగా వాన. నీళ్లు తలుపు దాకా వచ్చి ఆగిపోయాయి. పొడి నేల మీద నిద్రపోతున్న పిల్లల్ని చూసి సూరమ్మ సంతోషంతో ఏడ్చేసింది.

వాన వెలిశాక తనిఖీకి పక్క అడవి ఏనుగు వచ్చింది. "పొట్టన్నదే లేదే! ఇంత శుభ్రమైన పనిశాల ఎక్కడా చూడలేదు" అని షీల్డు ఇచ్చిపోయింది.

గుబురయ్య దాన్ని చంకన పెట్టుకుని, సూరమ్మా కోతీ పనిచేసుకుంటున్న చింతచెట్టు కిందకు వచ్చాడు.

"అమ్మాయ్, ఆ రాయి ఒక్కసారి ఇస్తావా? దీన్ని గోడకు తగిలించడానికి మేకు కొట్టాలి."

"పనిశాల సుత్తేమైంది బాబాయ్?"

"అది... పూజలో ఉంది" అని నసిగాడు.

సూరమ్మకు నవ్వాగలేదు. "తీసుకెళ్లు. పనయ్యాక తెచ్చి ఇక్కడే పెట్టు" అంది.

గుబురయ్య రాయిని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఎంత మంచి రాయే! దీనికో బొట్టు పెడితే..."

మాట పూర్తి కాకముందే కోతి రాయి లాక్కుంది.

నీతి: పనిశాల కలకాలం కొత్తగా ఉండాలంటే, పని ఉన్నవాళ్లను గడప తొక్కనివ్వకూడదు.