జింక తోకల వారం

లోర్నా కట్టిన ఎర ఆదివారం సాయంత్రం సరస్సులో పోయింది. నీళ్లలో మునిగిన దుంగకు తగులుకుంది. హాల్వర్ లాగిన కొద్దీ బిగుసుకుని, చివరకు దారం తెగింది. నల్లటి జింక వెంట్రుకల తోక, గొంతు దగ్గర కాస్త నారింజ రంగు, ముందు గిర్రున తిరిగే రెండు వెండి బిళ్లలు. ఆయన భార్య లోర్నా మార్చిలో చనిపోయింది. ఆమె చేతితో కట్టినవాటిలో మిగిలింది అదొక్కటే. మస్కీ అనే పెద్ద వేటచేప కోసం వెళ్లినవాడు ఎర పోగొట్టుకోవడం ఉత్తర విస్కాన్సిన్‌లో మామూలే కనుక, పడవలో కూర్చుని ఏడవడం బాగుండదని ఆయన ఒడ్డుకు వచ్చేశాడు.

సోమవారం ఉదయానికి ఒక ఉపాయం తట్టింది. కొట్టుకు వెళ్లి ఒక్క జింక తోక కొనాలి. ఖాళీ కొక్కేనికి వెంట్రుకలు చుట్టి, ముడి మీద గోళ్ల రంగు పూసి, మధ్యాహ్నానికి మళ్లీ నీళ్ల మీద ఉండాలి. ఎర మాత్రం అచ్చం లోర్నా కట్టినట్టే ఉండాలి.

"జింక తోకెందుకు?" అన్నాడు ఎరల కొట్టు ఆర్విడ్. "మెత్తటి ఈకలు తీసుకో. నెమ్మదిగా లాగితే ఊపిరి పీలుస్తున్నట్టు కదుల్తాయి."

"లోర్నాది వెంట్రుకలే."

"పోనీ తళుకు దారాలు? మన సరస్సు నీళ్లు కాఫీ రంగులో ఉంటాయి. కాస్త మెరుపుండాలి."

"లోర్నాకు తళుకులు పడవు."

ఆర్విడ్ గోడకు వేలాడుతున్న ఎరలవైపు చెయ్యి చూపించాడు. "కట్టినవే ఉన్నాయి. నలుపూ నారింజా. ఓసారి చూడొచ్చుగా."

"కొట్టు సరుకా! మా లోర్నా పనితనానికీ దానికీ పోలికేంటి? చూడక్కర్లేదు."

ఆర్విడ్ ఏదో అనబోయి మానుకుని, బల్ల తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన చోటే తుడిచాడు. "తోకలు అయిపోయాయి. ఊళ్లో ఎవరినైనా అడుగుతాలే," అన్నాడు చివరకు.

అడిగాడు. అదే ముప్పు తెచ్చింది.

దుఃఖంలో ఉన్న మనిషిని నీకేం కావాలని అడగడం ఆ ఊళ్లో మర్యాద కాదు. తెచ్చి ఇచ్చేయడమే. మార్చి నుంచి మే దాకా ఇంటింటి నుంచీ మాంసమూ బంగాళాదుంపలూ కలిపి కాల్చిన వంటకం వచ్చింది. పైన అల్యూమినియం రేకు, పళ్లెం తిరిగి చేరడానికి అడుగున పేరు రాసిన టేపు ముక్క. ఇప్పుడు తోకలు మొదలయ్యాయి. నవంబరులో వేటాడిన జింక తోక ప్రతి ఇంటి ఫ్రీజర్‌లోనూ ఉంటుంది. అవీ అలాగే వచ్చాయి: పళ్లెంలో, రేకు కప్పి, అడుగున పేరుతో.

ముందుగా వచ్చింది పక్కింటి డార్లీన్. "తోక మొదట్లో ఉండే వెంట్రుకలు వాడకు, హాల్వర్. బోలుగా ఉంటాయి. దారం బిగించావంటే చీపురులా విచ్చుకుంటాయి. కొసవే కట్టు."

ఆమె వెనకే పోస్టుమాన్ వచ్చాడు. "కొసవా? ఎవరు చెప్పారు? విచ్చుకోవాలయ్యా! లావుగా కనిపించకపోతే మస్కీ తలైనా తిప్పదు."

పాస్టరుగారు ప్రార్థన చేసి, మబ్బు పట్టిన రోజున నలుపు తప్ప వేరే రంగు పనికిరాదని చెప్పి, రెండు తోకలు ఇచ్చి వెళ్లారు. ఇంకెవరో ఆవు తోక పెట్టి వెళ్లారు. అక్కడ వద్దని రెండుసార్లు అంటే మర్యాద, మూడోసారి అంటే తగాదా. హాల్వర్ రెండోసారి దగ్గరే ఆగుతూ వచ్చాడు. గురువారానికి ఫ్రీజర్‌లో బఠాణీలకు కూడా చోటు లేదు.

ఆయన షెడ్డులో కూర్చుని కట్టాడు, విప్పాడు, మళ్లీ కట్టాడు. కొసవి కడితే ఎలుక తోకలా వచ్చింది. మొదట్లోవి కడితే డార్లీన్ చెప్పిన చీపురే వచ్చింది. స్నానాల తొట్టిలో లాగి చూస్తే రెండూ పక్కకు ఒరిగాయి. వేళ్లకు జిగురు, జిగురుకు వెంట్రుకలు. లోర్నా ఇదంతా అంత తేలిగ్గా ఎలా చేసేదో ఆయనకు అంతుపట్టలేదు.

శుక్రవారం లోర్నా చెల్లెలు వెర్నా చూడ్డానికి వచ్చింది. హాల్వర్ షెడ్డులో ఉన్నాడు. ఫ్రీజర్ తెరిస్తే నిండా రేకు కప్పిన పళ్లాలు. ఈయన తిండి మానేశాడని ఆమె గుండె తరుక్కుపోయింది. డార్లీన్ పేరున్న పళ్లెం తీసి ఓవెన్‌లో పెట్టింది.

కాలుతున్న వెంట్రుకల వాసన వీధి చివరిదాకా వెళ్లింది. పొగను పసిగట్టే గంట మోగింది. ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళం వచ్చింది. దళమంటే హెల్మెట్ పెట్టుకున్న డార్లీన్, బండి నడిపే ఆర్విడ్.

"వెర్నా, లోపలేం పెట్టావు?"

"నీ వంటే! అడుగున నీ పేరేగా ఉంది!"

"అది వంట కాదు."

"వాసనకి నాకూ అనుమానమొచ్చింది. నువ్వు వండిందే కదా అని సర్దుకున్నాను."

డార్లీన్ ఓవెన్ కట్టేసింది. అప్పుడే హాల్వర్ వేళ్లకు దారాలతో పరుగెత్తుకొచ్చాడు. అందరి మీదా చిరాకు పడుతూనే, లోర్నా కట్టిన ఎరలాంటిది కట్టడానికే ఇదంతా అని చెప్పాడు.

"ఎవరు కట్టింది?" అంది వెర్నా. "మా అక్కా? చొక్కాకి గుండీ కుట్టమంటే వేలికి కట్టు కట్టుకునేది!"

ఆర్విడ్ చేతిలోని గొట్టం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఆర్విడ్," అన్నాడు హాల్వర్.

"లోర్నాకి మాటిచ్చాను."

"ఆర్విడ్."

"మా గోడ మీదదే కొంది. నీ పుట్టినరోజుకి. పైన అట్ట తీసేసి ఇచ్చిందట. నువ్వేమో, నువ్వే కట్టావా అని చిన్నపిల్లాడిలా గంతులేశావట. కాదని చెప్పడానికి నోరు రాలేదంది. ఆ తర్వాత ప్రతి ఏడూ నువ్వు ఇంకోటి కట్టమన్నావు."

"మరి కట్టిందెవరు?"

"ఏదో ఫ్యాక్టరీ. డబ్బాల్లో వస్తాయి."

హాల్వర్ వేళ్లకు చుట్టుకున్న దారాలు ఒక్కొక్కటే విప్పాడు. ఆ పనితనం గురించి సారా కొట్టులో ఆయన ఎంతమందికి పాఠం చెప్పాడో అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ గుర్తు చేయలేదు.

శనివారం ఆయన కొట్టుకు వెళ్లి గోడ ముందు నిలబడ్డాడు. నలుపు, నారింజ, వెండి బిళ్లలు. అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటి తీసి చూశాడు, పెట్టేశాడు, ఇంకోటి తీశాడు. లోర్నా అయితే వీటిలో దేన్ని ఎంచుకునేదో ఆయనకు తెలియలేదు. ఆర్విడ్ బల్ల తుడుస్తూనే ఉన్నాడు.

ఆమె తనకు చెప్పకుండా సర్దుకుపోయినవి ఇంకా ఏమున్నాయో ఆర్విడ్‌ను అడగాలి. హాల్వర్ ఇంకా అడగలేదు.